కరిగేదాన్ని కరగనివ్వండి

అంబాసడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, వాటిని ఇంటి మనిషిలా చూసుకునేవారు మా మనుబోలు వైపు ఇంకా ఉన్నారు. ఇంజను మాట వచ్చేసరికి అందరూ పండితులే. ఫ్యూజు పోయిందంటే మాత్రం సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో, రాగితీగ ముక్కో చుట్టి, "పనైపోయింది, పదండి!" అంటారు. పని కాలేదు సరిగదా, ప్రమాదం అప్పుడే బండెక్కింది.

ఫ్యూజు అనే మాటకు మూలమైన లాటిను ధాతువుకు కరిగించడమని అర్థం. కరెంటు మితిమీరినప్పుడు తాను కరిగి తీగలను కాపాడడమే దాని ధర్మం. అది కరగకపోతే తీగమీది తొడుగు కరుగుతుంది; ఆ పైన మంట. కాలిన ఫ్యూజును తిట్టడం అత్తమీది కోపం దుత్తమీద చూపడమే.

పాత అంబాసడర్లలో సాధారణంగా 35 ఆంపియర్ల ఫ్యూజులు రెండే ఉంటాయి. ఒకటి తాళంచెవితో నిమిత్తం లేకుండా మోగే హారను వంటివాటికి. రెండోది తాళం తిప్పితేనే పనిచేసే వైపరు, బ్రేకు దీపం వంటివాటికి. ఏవేవి ఒక్కసారే ఆగాయో చూస్తే సగం గుట్టు తెలుస్తుంది. ఒక్క దీపమే ఆగితే దాని బల్బూ, ఎర్తు మరా చూడండి. మన సముద్రపు గాలికి, కార్తీకపు వానలకు ఆ మర తుప్పు పట్టడం మామూలే. గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

కొత్త ఫ్యూజు వేయగానే అదీ పోతే, ఎక్కడో తీగ రేకును తాకుతున్నదన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 12 వోల్టుల చిన్న బల్బు పట్టగలదు. ఫ్యూజు తీసి, ఆ రెండు కొసల మధ్య బల్బును కలపండి. రెండో ఫ్యూజైతే తాళం తిప్పి ఉంచండి. అన్ని స్విచ్చులూ ఆపినా బల్బు నిండుగా వెలిగితే దొంగ లోపలే ఉన్నాడు. ఆ ఫ్యూజు తాలూకు తీగలను ఒక్కొక్కటే విప్పండి. ఏది విప్పితే బల్బు ఆరుతుందో అదే దోషి.

రేకు రంధ్రంలో రబ్బరు ఎండిన చోట, డిక్కీ మూత మడతలో, స్టీరింగు లోపల తీగలు ఒరుసుకుంటాయి. వరికుప్పల పక్కన నిలిపిన బండిలో ఎలుకలూ కొరుకుతాయి. బ్యాటరీ తీగ ఊడదీశాకే అతుకు వేయండి.

ఇంకొక మాట. ఇటువంటి పాతబండ్లలో చాలావాటికి ముందు దీపాలకు ఫ్యూజే ఉండదు. 45 వాట్ల దీపం 12 వోల్టులమీద లాగేది 4 ఆంపియర్లలోపే. తెలిసిన ఎలక్ట్రీషియను చేత ఒక్కో దీపానికి ఒక్కో 10 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. రాత్రివేళ గూడూరు రోడ్డులో లారీ ఎదురైనప్పుడు ఒక కన్ను పోయినా రెండో కన్ను మిగులుతుంది.