అద్దెయిండ్ల గీజర్లు

కార్తికము ప్రవేశించుటతోడనే, వేసవి మొదలుకొని ముట్టని గీజర్ల మీటలను మన పట్టణవాసులు మరల నొక్కుదురు. పూర్వము పెరటిపొయ్యిమీద రాగికాగు ఉండెడిది. దానిని చింతపండుతో తోముచుండిరి. చిల్లిపడినచో పొయ్యి ఆరి, సంగతి వెంటనే తెలియుచుండెను. ఇప్పుడు కాగు తెల్లని పెట్టెలో దాగి గోడకెక్కినది. గోడమీది దేవుని పటమునకైనను సంవత్సరమున కొకమారు దుమ్ము దులుపుదుము గాని, దీనివంక కన్నెత్తి చూచువారు అరుదు.

ఈ యుపేక్షకు మూల్యము ధనముతోనే తీరునది కాదు. తెలంగాణమునను, రాయలసీమయందును రాతినేలలు తొలిచి తీయు బోరునీటిలో పెక్కుచోట్ల సున్నము, మెగ్నీషియము లవణములు మెండు. త్రాగునీటి కఠినత్వము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, గత్యంతరము లేనిచో 600 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. కఠినజలము కాగినపుడు అందు కరగియున్న సున్నపు లవణము విడివడి, వేడిచేయు చుట్టకు పెళుసుపొరగా అంటుకొనును. ఆ పొర దళసరియైనకొలది వేడి నీటికి వేగముగా చేరజాలక చుట్ట మితిమీరి కాగును. తుదకు తొడుగు పగులును. పగిలిన తొడుగుగుండా విద్యుత్తు స్నానము చేయువాని నీటిలోనికి దిగును. కాగునపుడు పెట్టెలో పటపటమను చప్పుడు వినబడుచున్నయెడల సున్నము పేరుకొన్నదని గ్రహింపవలెను. వేడిని 60 డిగ్రీలకు మించి పెట్టుట ఈ సున్నమును కోరి పెంచుకొనుటయే.

అంతకన్న మరుగుననున్న భాగ మొకటి కలదు. ఉక్కుతొట్టి తుప్పుపట్టకుండుటకై లోపల మెగ్నీషియపు కడ్డీ నొకదానిని వ్రేలాడదీయుదురు. ఇనుముకంటె ముందుగా అదియే నీటికి బలియై కరగును. హంఫ్రీ డేవీ పండితుడు 1824లో ఓడల రాగిరేకులను కాపాడుటకు ఇనుము, తుత్తునాగముల తునకలను తగిలింప జూపిన సూత్రమే యిది. కడ్డీ యంతయు కరిగిన పిమ్మట తొట్టి వంతు వచ్చును. బోరునీటి యిండ్లలో ఏటేట దానిని తీసి చూచి, సగమునకు మించి కరగినయెడల మార్చుట యుక్తము. దాని వెల క్రొత్త గీజరు వెలలో స్వల్పభాగము మాత్రమే. అయినను గీజరు కొని పదేండ్లయినవారిలో ఈ కడ్డీ పేరు వినినవా రెందరు?

రక్షణకవాటము విషయమున మన యజ్ఞానము మరింత భయంకరము. 15 లీటర్ల నీరు 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగునప్పటికి సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచించును. ఆ యధికమైన నీరు కవాటముగుండా చుక్కలుగా కారుట సహజము. కారుచున్నదని విసిగి దానికి బిరడా బిగించువారు కలరు! తాపనియంత్రకము చెడిన దినమున ఆ తొట్టి బాంబు వంటిదగును. ఎర్తుతీగ సంగతియు నిట్టిదే: మూడుకాళ్ల ప్లగ్గు కనబడుచుండును గాని, మూడవకాలు వెనుక తీగ లేని యిండ్లు గలవు. సామాన్యమైన ఎం.సి.బి. మనుష్యుని కాపాడజాలదు. 30 మిల్లీఆంపియర్ల స్రావమునకే విద్యుత్తును తెంచు ఆర్.సి.సి.బి. యుండవలెను.

ఇక ఈ పనులు ఎవరివి? అద్దెదారుడు వాడుకొనుచున్నాడు గావున అతడే చూచుకొనవలెనని గృహయజమానులు పలువురు వాదింతురు. ఈ వాదము మాకు సమ్మతము గాదు. పదునొకండు నెలల ఒడంబడికతో నున్నవాడు, రాబోవు మూడేండ్లకుగాని ఫలమీయని కడ్డీని ఏల కొనును? గోడలోని ఎర్తుతీగను త్రవ్వించు అధికారము అతనికెక్కడిది? మీటవేసి మరచిపోకుండుట, చప్పుడు వినబడినచో తెలియజేయుట అద్దెదారుని విధి. తొట్టి, తీగ, కవాటము యజమాని సొత్తు. వాని బాగోగులును అతనివే. సున్నము తీయించిన తేది, కడ్డీ మార్చిన తేది, కవాటము పరీక్షించిన తేది యను మూడింటిని తెలుగక్షరములతో పెట్టెమీదనే వ్రాయించినచో వచ్చు అద్దెదారునకు సందేహముండదు. పనివాడును చేయని పనికి కూలి యడుగజాలడు.

గ్యాసు గీజరు మాట వేరు. తలుపు మూసిన చిన్నగదిలో ప్రాణవాయువు తగ్గినకొలది మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు; స్నానమునకు పోయినవాడు స్మృతితప్పి పడువరకు ఇంటివారికి తెలియదు. దానిని ఏటేట బాగుచేయించుట చాలదు. స్నానగదిలోపల అమర్చిన గ్యాసు గీజరును యజమాని ఒడంబడిక గడువు తీరువరకు ఆగక, ఈ వారముననే బయటి గోడకు మార్పింపవలెను.