తెర ముందు మూడు నీడలు

పిల్లలూ! సినిమా హాలులో బొమ్మ నడుస్తూ ఉండగా వెనక వరసలోంచి ఎవరో ఒక మాట విసరటం, చుట్టుపక్కలవాళ్ళు గొల్లున నవ్వటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇటువంటివాళ్ళు నాకు బాగా తెలుసు. నేను బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ప్రతి తరగతిలోనూ చివరి బెంచీమీద అటువంటివాడు ఒకడు ఉండనే ఉన్నాడు. వాడి నోరు మూయించటం నా ఉద్యోగం గనక మూయించాను. కాని ఒక్కొక్కసారి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకున్న మాట కూడా నిజమే.

ఈ పనినే వృత్తిగా పెట్టుకుని పేరు తెచ్చుకున్న హాస్యగాళ్ళు అమెరికాలో ఉన్నారు. ఈ నెల వాళ్ళ సంగతి చెబుతాను.

మినెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ అనే నగరం ఉంది. అక్కడి చిన్న టెలివిజన్ కేంద్రం ఒకదాని దగ్గర పాత సినిమాలు చాలా ఉండేవి. అందులో మంచివి తక్కువ, నాసిరకానివి ఎక్కువ. జోయెల్ హాడ్జ్‌సన్ అనే హాస్యగాడికి ఒక ఆలోచన తోచింది. ఆ నాసిరకం సినిమాలనే చూపించి, వాటిని చూస్తూ తాము మాట్లాడే మాటలు కూడా జనానికి వినిపిస్తే ఎలా ఉంటుంది? ఆ విధంగా 1988 నవంబరు 24న "మిస్టరీ సైన్స్ థియేటర్ 3000" మొదలయింది.

దీనికి ఒక కథ కల్పించారు. ఒక దుష్ట శాస్త్రజ్ఞుడు ఒక అమాయకుణ్ణి ఉపగ్రహంలో కూచోబెట్టి అంతరిక్షంలోకి పంపేస్తాడు. చెత్త సినిమాలు వరసగా చూపిస్తే మనిషి బుర్ర ఏమవుతుందో తెలుసుకోవటమే ఆ దుర్మార్గుడి ప్రయోగం! ఒంటరిగా ఉన్న ఆ అమాయకుడు తోడు కోసం మరమనుషులను తయారు చేసుకుంటాడు. అందులో టామ్ సర్వో అనేవాడి తలకాయ, డబ్బు వేస్తే బబుల్‌గమ్ గోలీలు రాల్చే గుండ్రటి డబ్బా. క్రో అనేవాడి నోరు, ప్లాస్టిక్ బౌలింగ్ పిన్నును నిలువునా చీల్చి చేసినది. జోయెల్, ఈ ఇద్దరు మరమనుషులూ సినిమా చూడటానికి కూచుంటారు. మన టెలివిజన్ తెర అడుగున కుర్చీల వరసా, అందులో మూడు నల్లటి నీడలూ తోలుబొమ్మల్లాగా కనిపిస్తాయి. వాటి వెనకాల సినిమా నడుస్తూ ఉంటుంది.

వాళ్ళు నోటికి వచ్చినది అనేస్తారని మీరు అనుకోవచ్చు. మొదటి రోజుల్లో దాదాపు అలాగే చేశారు. అయితే మాట తోచనప్పుడు నీడలు చాలాసేపు మూగనోము పట్టేవి. 1989లో ఈ కార్యక్రమం దేశమంతటా వచ్చే చానల్‌లోకి మారిన తరవాత పద్ధతి మార్చారు. రచయితలందరూ ఒక గదిలో చేరి, ఒకే సినిమాను మళ్ళీ మళ్ళీ చూసి, తోచిన మాటలన్నీ రాసి, అందులో మంచివి ఏరేవారు. ఇందులో పెద్ద చిక్కు ఒకటి ఉంది. నాటకంలో అయితే జనం నవ్వు ఆగేదాకా నటుడు ఆగుతాడు. సినిమా ఎవరి కోసమూ ఆగదు. తెరమీది మనిషి ఒక మాట పూర్తిచేసి రెండో మాట ఎత్తుకునే లోపల ఉండే రెండు మూడు సెకన్ల సందులోనే హాస్యం ఇమిడిపోవాలి. ఆలస్యమైతే రెండు మాటలూ కలిసిపోయి ఏదీ వినపడదు. చివరి బెంచీ కుర్రాడికీ వీళ్ళకూ తేడా ఇక్కడే ఉంది. వాడు హోంవర్కు చేసి రాడు!

వీళ్ళు చూపించిన సినిమాలలో చాలా పేరు పడ్డది ఒకటుంది. టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో హెరాల్డ్ వారెన్ అనే ఎరువుల వ్యాపారి ఉండేవాడు. దయ్యాల సినిమా తీయటం అంత కష్టమేమీ కాదని ఆయన ఒక సినిమా రచయితతో పందెం కట్టాడని చెబుతారు. మొత్తంమీద 19,000 డాలర్లు పోగుచేసి, 1966లో "మానోస్: ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్" అనే సినిమా తీశాడు. కథా, దర్శకత్వం, ముఖ్యవేషం అన్నీ ఆయనవే. స్పానిష్ భాషలో "మానోస్" అంటే చేతులు. అంటే సినిమా పేరు "చేతులు: విధి చేతులు" అన్నమాట. పేరు దగ్గరే ఇలా ఉంటే లోపలి సంగతి వేరే చెప్పాలా?

ఆయన వాడినది స్ప్రింగు కెమేరా. గోడగడియారానికి కీ ఇచ్చినట్టు ఇస్తే 32 సెకన్లు నడిచి ఆగిపోయేది. సెకనుకు 24 బొమ్మల చొప్పున లెక్క కట్టండి, 768 బొమ్మలు అవుతాయి. అంతకన్న పొడుగైన దృశ్యం ఒక్కబిగిని తీయటం కుదరదు. రాత్రి దృశ్యాలలో దీపాల వెలుగుకు చిమ్మటలు వచ్చి నటుల ముఖాల ముందు ఎగురుతూ ఉంటాయి. (పురుగులు వెలుగుకు వీపు తిప్పి ఎగరాలని చూడటం వల్లనే దీపం చుట్టూ చిక్కుకుని తిరుగుతాయని 2024లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ కథ మరోసారి.) సినిమా మొదట్లో తల్లీ తండ్రీ కూతురూ కారులో పోతూనే ఉంటారు, పోతూనే ఉంటారు. ఇటువంటిచోట మీరైతే ఏమంటారు? నేనైతే ఆ పిల్ల గొంతుతో, "నాన్నా, కథ ఇంకా ఎంత దూరం?" అని ఉండేవాణ్ణి.

1993 జనవరిలో మూడు నీడలూ ఈ సినిమాకు కూచున్నాయి. కథలోని దుష్ట శాస్త్రజ్ఞుడూ, అతని అనుచరుడూ కూడా ఇంత ఘోరమైన బొమ్మ చూపించినందుకు క్షమాపణ చెప్పుకున్నారు!

ఇంతవరకు నేనూ నవ్వాను. ఇకమీదటి సంగతి వేరు.

స్ప్రింగు కెమేరాలో మాటలు నమోదు కావు. అందుచేత సినిమా అంతా తీసిన తరవాత, కొద్దిమంది కూచుని అందరి మాటలూ చెప్పారు. కూతురి వేషం వేసిన ఆరేడేళ్ళ పాపకు ఒక పెద్దావిడ గొంతు పెట్టారు. ఆ పాప తండ్రి ఇందులో దుష్టుడి వేషం వేశాడు. తల్లి దుస్తులు కుట్టింది. ఇంట్లో కుక్కకు కూడా వేషం దొరికింది. 1966 నవంబరు 15న ఊళ్ళోని క్యాప్రీ థియేటరులో మొదటి ఆట. ఊరివాళ్ళు పడీపడీ నవ్వారు. తన నోరు కదులుతూ ఉండగా అందులోంచి ఇంకెవరిదో గొంతు రావటం విని ఆ పాప ఏడ్చింది.

మా బడి వార్షికోత్సవంలో ఒక ఏడు భీముడి గడ్డం ఊడి పడింది. జనం నవ్వారు, నవ్వక ఏం చేస్తారు? కాని ఆ ఏడో తరగతి భీముడు నాలుగు రోజులు బడికి రాలేదు. గడ్డం అంటించినది వాడు కాదు, మేష్టర్లు. వారెన్ డబ్బు తీసుకుని టిక్కెట్టు పెట్టి బొమ్మ ఆడించాడు, అందుచేత నవ్వును భరించవలసినవాడు ఆయనే. పాప ఏం చేసింది? చెప్పినచోట నిలబడింది, చెప్పిన మాట అన్నది.

నీడలు కూడా ఈ తేడా అన్నివేళలా పాటించాయని నేను అనను. ఆ సినిమాలో టోర్గో అనే నౌకరు ఉన్నాడు. వాడివి మేక కాళ్ళని చూపటానికి నటుడి లాగు కింద ఏవో అమర్చారు. కాని సినిమాలో ఎక్కడా ఆ మాట చెప్పలేదు. చూసేవారికి పెద్దపెద్ద మోకాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. నీడలు ఆ మోకాళ్ళను వదలలేదు. వేషం కట్టినవాడి తప్పును వేసినవాడి మీదికి నెట్టటం నాకు నచ్చదు. కారు మీదా, కీ కెమేరా మీదా ఎంత నవ్వినా నాకు అభ్యంతరం లేదు. ఈ పేజీ చదివి వినిపించే తల్లిదండ్రులు వేరే విధంగా అనుకోవచ్చు, అది వారి ఇష్టం.

ఆ కార్యక్రమం 1999లో ఆగిపోయి, 2017లో మళ్ళీ మొదలయింది. 2006లో పాతవారిలో కొందరు "రిఫ్‌ట్రాక్స్" అనే పేరుతో మరో ఉపాయం పన్నారు. పెద్ద సినిమాల హక్కులు కొనటం వారివల్ల కాదు గనక తమ మాటలు మాత్రమే రికార్డు చేసి అమ్మారు. కొనుక్కున్నవాళ్ళు సినిమా వేరే తెచ్చుకుని, రెండూ ఒకేసారి నడుపుకోవాలి.

మానోస్ సంగతి కూడా చెప్పాలి. ఆ మూడు నీడలూ నవ్వి ఉండకపోతే దాన్ని ఎవరూ తలుచుకునేవారు కాదు. 2011లో దాని 16 మిల్లీమీటర్ల అసలు ఫిలిం ఒక యువకుడికి దొరికింది. అతడు చందాలు పోగుచేసి, ఫిలిం మీది మురికీ గీతలూ పోగొట్టించాడు. 2015లో ఆ శుభ్రమైన ప్రతి బయటికి వచ్చింది. ఆనాటి పాప పెద్దదై, 2016లో ఆ సినిమాతో తన అనుభవాలన్నీ పుస్తకంగా రాసింది. ఇప్పుడు ఆ ఎడారి రంగులూ, పాప ముఖమూ స్పష్టంగా కనిపిస్తాయి. గొంతు మాత్రం ఇప్పటికీ ఆ పెద్దావిడదే.