దూకనివాడూ వీరుడే!

ఆ రాత్రి భోజనానికి ముందే ఓ హోటల్లో టేబుల్ బుక్ చేసుకున్నాడు. తర్వాత పడవెక్కి నయాగరా జలపాతం వైపు బయల్దేరాడు. జలపాతం దూకేసి, నదిలో అలాగే ముందుకు సాగి, దిగువన ఉన్న ఊళ్లో తీరిగ్గా భోంచేయాలన్నది ప్లాను. ఆ భోజనానికి అతను రానేలేదు.

అది 1990 జూన్ 5. అతని పేరు జెస్సీ షార్ప్. అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన 28 ఏళ్ల యువకుడు. రాళ్ల మీద నురగలు కక్కుతూ పరుగెత్తే నదుల్లో కయాక్ నడపడం అతనికి కొత్తేం కాదు. కయాక్ అంటే ఒక్కరే కాళ్లు చాపుకుని కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ. చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. పడవలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ బిగించిన పట్టా. అంతే! షార్ప్ హెల్మెట్ పెట్టుకోలేదు. వీడియోలో తన ముఖం కనపడాలట. లైఫ్ జాకెట్టూ వేసుకోలేదు. అంచు దాటాడు. ఆ తర్వాత పడవ దొరికింది. అతను మాత్రం దొరకలేదు.

నయాగరాలో అతను దూకిన చోటు ఎత్తు సుమారు 57 మీటర్లు. అంత ఎత్తు నుంచి పడవలో దూకితే ఎవరైనా బతుకుతారా అంటారా? బతికినవాడున్నాడు. 2009 ఏప్రిల్ 21న అమెరికాలోనే, వాషింగ్టన్ రాష్ట్రంలోని పలూస్ జలపాతం మీది నుంచి టైలర్ బ్రాట్ అనే 22 ఏళ్ల కుర్రాడు కయాక్‌తో సహా దూకాడు. దాని ఎత్తు 189 అడుగులు. అంటే అదీ సుమారు 57 మీటర్లే! గాల్లో ఉన్నది మూడున్నర సెకన్లు. నీటిని తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 120 కిలోమీటర్లు. తెడ్డు విరిగింది, మణికట్టు బెణికింది. నవ్వుతూ బయటికొచ్చాడు. ప్రపంచ రికార్డు!

ఎత్తు ఒక్కటే. ఒకరు పోయారు, ఒకరు మిగిలారు. మరి తేడా ఎక్కడుంది?

తేడా అంతా నీటిలో ఉంది. సందర్శకులొచ్చే సీజన్‌లో పగటిపూట నయాగరాలో సెకనుకు కనీసం 28 లక్షల లీటర్ల నీరు దూకాలని అమెరికా, కెనడా 1950లోనే ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఎక్కువ భాగం షార్ప్ దూకిన పాయలోనే పడుతుంది. పైనుంచి పడ్డ నీరు అడుగుదాకా వెళ్లి, కాస్త దూరంలో పైకి లేస్తుంది. పైకి లేచిన నీటిలో కొంత మళ్లీ జలపాతం వైపే వెనక్కి తిరుగుతుంది. అందులో చిక్కినవాణ్ని తిరగలిలా తిప్పుతూనే ఉంటుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి అక్కడ మనిషి సరిగ్గా తేలడు కూడా.

అందుకే అసలైన కయాకర్లు జలపాతం చూడగానే దూకరు. ముందు పడవ ఒడ్డుకు చేర్చి దిగుతారు. రాళ్ల మీద నడుస్తూ పైనుంచీ కిందనుంచీ పరిశీలిస్తారు. నీరు ఎక్కడ లోతుగా ఉంది, ఎటు తోస్తోంది, రాయి ఎక్కడ దాక్కుంది... అన్నీ చూస్తారు. కింద తాడు పట్టుకుని స్నేహితులు సిద్ధంగా ఉంటారు. పెద్ద జలపాతమైతే పడవ ముక్కు ముందుగా నీటిలో దిగాలి. పడవ బల్లపరుపుగా పడిందా, వెన్నెముక గతి అంతే! ఇన్ని తెలిసిన బ్రాట్‌కే 2011లో పలూస్‌లో సగం ఎత్తున్న మరో జలపాతం దగ్గర వెన్నెముక విరిగింది.

ఇక మూడో మనిషి కథ. మెక్సికోకి చెందిన రఫా ఒర్టిజ్‌కి నయాగరా దూకాలన్నది కల. దానికోసం ఏళ్ల తరబడి ఒకదాన్ని మించిన మరో జలపాతం దూకుతూ సాధన చేశాడు. 2012లో పలూస్ మీంచి కూడా దూకాడు. కింద నీటి దెబ్బకు పడవలోంచి బయటికి వచ్చేశాడు. అయినా తగ్గలేదు. చివరికి నయాగరా దాకా వెళ్లాడు. చుట్టూ కెమెరాలు, బృందం, అంత ఖర్చు, అన్నేళ్ల కష్టం. అప్పుడు... వద్దనుకున్నాడు. వెనక్కి తిరిగాడు! ఆ కథతోనే 2015లో 'ఛేజింగ్ నయాగరా' అనే సినిమా వచ్చింది. హీరో అనుకున్నది చేయకుండా ముగిసే సాహస చిత్రం అది.

కయాకర్లలో దీన్నెవరూ పిరికితనం అనరు. నచ్చని చోట పడవ భుజాన వేసుకుని ఒడ్డు వెంట నడిచి, కింద మళ్లీ నీళ్లలోకి దిగడం వాళ్లకు మామూలే.

కుంతాల దగ్గర ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ల వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు! వాళ్లకు హెల్మెట్ లేదు, తాడు లేదు, అడుగున ఏముందో తెలియదు. ఉన్నదల్లా ఒడ్డు మీద నుంచి 'దూకరా' అని అరిచే స్నేహితులు. ఈసారి పిల్లలు జలపాతానికి పిక్నిక్ అంటే జాగ్రత్తలు చెప్పడంతో పాటు ఒర్టిజ్ కథ కూడా చెప్పండి. ప్రపంచంలోని గొప్ప జలపాతాలు దూకినవాడే ఒకచోట ఆగి, 'ఇది వద్దు' అన్నాడని చెప్పండి. ఆ రాత్రి అతను భోజనానికి వెళ్లగలిగాడని కూడా!