అందరూ చేరితేనే చేరినట్టు



పల్లెల నుంచి పట్నానికి వచ్చిపోయే మనవాళ్లలో చాలామందికి ఆబిడ్స్, నాంపల్లి బాగా తెలిసిన చోట్లే. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగుతారు. ఆబిడ్స్‌లో బట్టలో పుస్తకాలో కొనుక్కుంటారు. ఆదివారమైతే చిరాగ్ అలీ లేన్‌లోని మెథడిస్టు చర్చికో, సెయింట్ జార్జ్ చర్చికో ఆరాధనకు వెళతారు. బిడ్డకు జబ్బు చేస్తే నాంపల్లికి దగ్గరలోనే ఉన్న నిలోఫర్ ఆస్పత్రికి ఎత్తుకొని పరుగెత్తుతారు. ఈ వీధులకు కూతవేటు దూరంలోనే లాల్ బహదూర్ స్టేడియం ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని ఫతే మైదాన్ అనే అంటారు.

ఫతే మైదాన్ పేరు చెబితే ఆటలు తెలిసినవారికి ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకొస్తారు. ఆయన మొదట బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ రోజు గోల్ కాచినవాడు మన హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. జ్వరంతో నీరసించి ఉండి కూడా ఆయన మైదానంలోకి దిగాడు. జర్నైల్ సింగ్ తలకు తగిలిన గాయానికి కుట్లు పడ్డాయి. అయినా ముందు వరుసలో ఆడి ఒక గోల్ కొట్టాడు. రహీం గారు మరుసటి ఏడాది, అంటే 1963లో, కాన్సర్‌తో కన్నుమూశారు. ఇంతమంది బలహీనతలను కలుపుకొని గెలిచిన జట్టు అది. జట్టు అంటే అందరూ బలవంతులే ఉండే గుంపు అని మనం అనుకుంటాం. కానీ బలహీనమైన గడియ ఒకరికి వచ్చినప్పుడు మిగిలినవారు ఏం చేస్తారన్న దానిలోనే జట్టు బయటపడుతుంది.

ఈ మాట ఇంకా స్పష్టంగా తెలిసే పోటీ ఒకటుంది. దాని పేరు ట్రయాథ్లాన్. మొదట ఈత, తరువాత సైకిలు, చివరకు పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. ఈ మూడింటినీ వరుసగా కలిపిన పోటీని 1974లో అమెరికాలోని శాన్ డియేగోలో మొదటిసారి ఆ పేరుతో జరిపారు. 1978లో హవాయి దీవుల్లో ఇంకా పెద్ద పోటీ పెట్టారు. 3.8 కిలోమీటర్లు సముద్రంలో ఈదాలి, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, ఆ పైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. సైకిలు దూరం ఒక్కటే దాదాపు హైదరాబాద్ నుంచి కోదాడ దాకా అన్నమాట! ఆ మొదటి ఏడాది బయలుదేరినవారు 15 మంది, ముగించినవారు 12 మంది. దాన్నే ఐరన్‌మ్యాన్ అంటారు.

అందులో సగం దూరం పోటీని 2019 నుంచి మన దేశంలో గోవాలో నిర్వహించసాగారు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. ఒంటరిగా చేయలేనివారు జట్టుగా కూడా పాల్గొనవచ్చు. ఒకరు ఈదుతారు, ఒకరు సైకిలు తొక్కుతారు, ఒకరు పరుగెత్తుతారు. ఈదినవాడు ఒడ్డుకు వచ్చి, తన కాలి చీలమండకు కట్టుకున్న చిన్న పట్టీని విప్పి సైకిలువాడికి ఇవ్వాలి. అది ఎంత సమయం పట్టిందో లెక్కగట్టే పరికరం. సైకిలువాడు తన వంతు ముగించి దాన్ని పరుగెత్తేవాడికి ఇస్తాడు. ఈదేవాడు గడువులోగా ఒడ్డుకు చేరకపోతే, పరుగెత్తేవాడు ఎంత వేగం గలవాడైనా అతని కాళ్లకు పని లేదు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు కలిసిన జట్ల పోటీని మొదటిసారి చేర్చారు. అక్కడ పట్టీ బదులు చేతితో తాకి వంతు అప్పగిస్తారు.

అడవులు, కొండలు, నదులు దాటే సాహస పందేలు మరొక రకం. నలుగురి జట్టు రాత్రింబవళ్లు నడిచి, సైకిలు తొక్కి, పడవ నడిపి సాగాలి. వాటిలో ముఖ్యమైన నియమం ఏమిటంటే, జట్టు విడిపోకూడదు. ముగ్గురు ముందుగా గమ్యం చేరినా, నాలుగోవాడు రానిదే ఆ జట్టు చేరినట్టు కాదు. అందుచేత బలమైనవాడు అలసినవాడి మూట తన భుజాన వేసుకుంటాడు. దాన్ని అక్కడ ఎవరూ దయ అనరు. ఆటలో అది ఒక భాగం.

ఈ పోటీల చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన జట్టులో ఉన్నది ఇద్దరే. తండ్రి డిక్ హోయిట్, కొడుకు రిక్ హోయిట్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంవారు. 1962లో రిక్ పుట్టేటప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకొని మెదడుకు ప్రాణవాయువు అందలేదు. దానివల్ల సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట రాదు. బిడ్డను ఏదైనా సంస్థలో వదిలిపెట్టమని వైద్యులు సలహా ఇచ్చారు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. తల్లి జూడీ ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. బడిలో చేర్చుకొనమంటే ఏళ్ల తరబడి పోరాడింది. తల కదలికతో అక్షరాలు ఎంచుకొనే యంత్రం ఒకటి ఇంజనీర్లు తయారుచేసి ఇస్తే, ఆ బాలుడు మొదట పలికించిన మాటలు ఏమిటో తెలుసా? తమ ఊరి హాకీ జట్టును ఉత్సాహపరిచే కేక! నోరులేని ఆ బిడ్డ అన్నాళ్లూ అందరితోపాటు ఆట చూస్తూనే ఉన్నాడన్నమాట.

1977లో, పక్షవాతం వచ్చిన ఒక ఆటగాడికి సహాయంగా 5 మైళ్ల పరుగు పెట్టారు. రిక్ తానూ పాల్గొంటానన్నాడు. తండ్రి పరుగుకు అలవాటుపడ్డ మనిషి కాడు. అయినా చక్రాల కుర్చీని తోస్తూ చివరిదాకా వెళ్లాడు. పరుగెత్తేటప్పుడు తనకు వైకల్యం ఉన్నట్టే అనిపించలేదని ఆ రాత్రి కొడుకు తెలియజేశాడు. ఆ మాటతో తండ్రి జీవితం మారిపోయింది. తరువాత ట్రయాథ్లాన్‌లో పాల్గొనమని ఎవరో అడిగినప్పుడు, రిక్‌తో కలిసి అయితేనే వస్తానన్నాడు. అప్పటికి ఆయనకు ఈత రాదు. ఆరేళ్ల వయసు తరువాత సైకిలెక్కింది లేదు. నేర్చుకున్నాడు. ఈతలో కొడుకును చిన్న రబ్బరు పడవలో పడుకోబెట్టి, తాడు తన ఒంటికి కట్టుకొని లాగాడు. సైకిలుకు ముందువైపున ప్రత్యేకమైన కూర్చీ అమర్చాడు. పరుగులో చక్రాల కుర్చీ తోశాడు. అలా 1,000కి పైగా పోటీలు ముగించారు. వాటిలో 6 పూర్తి దూరపు ఐరన్‌మ్యాన్ పోటీలు, 32 బోస్టన్ మారథాన్‌లు. 1992లో ఒక మారథాన్‌ను 2 గంటల 40 నిమిషాల్లో ముగించారు. కుర్చీ తోయకుండా ఒంటరిగా పరుగెత్తేవారిలో కూడా చాలామందికి అందని వేగం అది.

ఒంటరిగా పరుగెడితే ఇంకెంత వేగంగా వెళతావో చూసుకోరాదా అని కొందరు డిక్‌ను అడిగారు. ఆయన వద్దన్నాడు. కొడుకు లేని పందెం ఆయనకు అక్కర్లేదు. ఎవరు ఎవరికి సాయం చేశారు అన్న ప్రశ్నకు కూడా జవాబు మనం అనుకున్నంత తేలిక కాదు. 2003లో డిక్‌కు స్వల్పంగా గుండెపోటు వచ్చింది. శరీరం ఇంత గట్టిపడి ఉండకపోతే ఎన్నో ఏళ్ల కిందటే ప్రాణం పోయి ఉండేదని వైద్యులు చెప్పారట. అంటే కొడుకు బరువు మోసిన తండ్రిని ఆ కొడుకే బ్రతికించాడు. రిక్ 1993లో బోస్టన్ యూనివర్సిటీలో డిగ్రీ పుచ్చుకున్నాడు. తండ్రికి ఏమివ్వాలని ఉందని అడిగితే, ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుంటే తాను తోయాలని ఉందన్నాడు. బోస్టన్‌లో వారిద్దరి చివరి పరుగు 2014లో. అప్పటికి తండ్రి వయసు 73. డిక్ 2021లో, రిక్ 2023లో మరణించారు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. నాంపల్లి స్టేషన్‌లో దిగి, మెడ నిలపలేని బిడ్డను భుజాన వేసుకొని నిలోఫర్ వైపు నడిచే తల్లులు మన పల్లెలవాళ్లే. ఆ తల్లి పందెం ఏళ్ల తరబడి సాగుతుంది. దానికి చప్పట్లు కొట్టేవారు లేరు. అన్నిటికంటే బాధాకరమైన సంగతి, చాలా ఇళ్లలో ఆ పందెం ఆమె ఒక్కతే పరుగెడుతుంది. తండ్రి పొలానికి పోతాడు, అత్తమామలు తలరాత అంటారు, ఇరుగుపొరుగు ఎవరి పాపమోనని గుసగుసలాడతారు. శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి ప్రభువును అడిగినది కూడా ఈ ప్రశ్నే కదా! అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ఆయన తేల్చి చెప్పిన తరువాత కూడా మనం అదే ప్రశ్న పట్టుకొని వేలాడడం న్యాయమా?

సెరిబ్రల్ పాల్సీ శాపం కాదు, అంటువ్యాధి కాదు. నెలలు నిండక పుట్టడం, కాన్పు సమయంలో ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన వెంటనే తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడుకు సోకే జబ్బులు దానికి కొన్ని కారణాలు. 5 నెలలు దాటినా బిడ్డ మెడ నిలపకపోయినా, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయినట్టు గానీ మరీ వదులుగా గానీ ఉన్నా, ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతున్నా, వాడే సర్దుకుంటాడులే అని ఆగకండి. వైద్యునికి చూపించండి. పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ ఎంత త్వరగా వ్యాయామ చికిత్స మొదలుపెడితే బిడ్డ అంత ఎక్కువ నేర్చుకుంటాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకొనే హక్కు ఆ చట్టం ఇచ్చింది. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో బడిలో అడగండి. ఇవి ఎవరో జాలిపడి ఇచ్చేవి కావు, మీ బిడ్డకు చెందవలసినవి.

ఇక సంఘం మాట. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. గుంపు అడ్డమైతే ఇంటి కప్పు విప్పి మంచాన్ని దించారు. ప్రభువు చూసినది వారి విశ్వాసాన్ని. ఆ నలుగురిలో ఏ ఒక్కరు తన మూల వదిలినా మంచం పడిపోయేది. మన గుడి మెట్ల దగ్గర చక్రాల కుర్చీ ఆగిపోతే, దాన్ని పైకెత్తే నలుగురు యౌవనస్థులు మనకున్నారా? వారానికి ఒక పూట ఆ బిడ్డ దగ్గర కూర్చొని, తల్లిని నిద్రపోనిచ్చే ఒక సహోదరి ఉందా? నిలోఫర్‌కు వెళ్లే రోజున పశువులకు మేత వేసే పొరుగువారు ఉన్నారా? ట్రయాథ్లాన్ జట్టులో పట్టీ చేతులు మారినట్టు మన ఇళ్లలో కూడా భారం చేతులు మారాలి. ఒకే కాలికి కట్టి ఉంచితే ఆ మనిషి ఎంత బలవంతుడైనా పడిపోతాడు.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఈ రెండు ప్రశ్నలు ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. మన ఇంట్లో ఎవరి భారం ఎంతోకాలంగా చేతులు మారలేదు? మన వీధిలో ఏ బిడ్డ తలుపు వెనుక ఉండిపోయి, అందరితోపాటు ఆట చూడాలని ఎదురుచూస్తున్నాడు? జవాబు దొరికితే వచ్చే ఆదివారం దాకా ఆగవద్దు. ఈ సాయంత్రమే ఆ ఇంటి తలుపు తట్టండి.