వాళ్ళిద్దరూ మామూలుగా కూర్చున్నారు

సినిమా సమీక్షల్లో "జంట మధ్య కెమిస్ట్రీ బాగా కుదిరింది" అన్న మాట చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఆ జంటలో ఇద్దరూ స్త్రీలే అయితే మనం దేనిని చూసి ఆ మాట అంటాం?

ప్రశాంత్ వర్మ తీసిన 'అ!' 2018 ఫిబ్రవరిలో వచ్చింది. విజయనగరంలో చూశాను. ఈషా రెబ్బా పాత్ర తాను ప్రేమించిన క్రిష్‌ను తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. పేరును బట్టి వారు అబ్బాయి కోసం ఎదురు చూస్తూ ఉంటే, వచ్చినది నిత్యా మేనన్. "ఇదేటి, అబ్బాయనుకుంటే అమ్మాయొచ్చీసింది!" అని వెనుక వరుసలో ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా పక్కన కూర్చున్న శ్రీకాకుళం స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. బయటకు వచ్చాక, "వాళ్ళిద్దరూ ఎంత మామూలుగా కూర్చున్నారే!" అని మాత్రం అంది. అప్పటికి 377వ సెక్షన్ అటువంటి ప్రేమను నేరంగానే చూస్తున్నది. సుప్రీంకోర్టు ఆ నేరముద్ర తొలగించినది ఆ ఏడాది సెప్టెంబరు 6న. నా స్నేహితురాలి మాటలోని బరువు నాకు తెలిసి వచ్చేసరికి మరికొన్నేళ్ళు పట్టింది.

ఆ చిత్రానికీ ఒక లోపం ఉన్నది. చివరకు ఆ పాత్రలన్నీ గాయపడిన ఒక స్త్రీ మనసులోని ముక్కలుగా తేలుతాయి. ఆ జంటకు సొంత జీవితమంటూ మిగలదు. ఇక రామ్‌గోపాల్ వర్మ 'మా ఇష్టం' రెండవ మూసకు ఉదాహరణ. 2022 ఏప్రిల్‌లో కొన్ని మల్టీప్లెక్సులు దానిని ప్రదర్శించడానికి నిరాకరించాయి. ఆ నిరాకరణను నేను సమర్థించను. కాని ఆ ప్రచార చిత్రాల్లో కెమెరా ఇద్దరి దేహాలను చూసినంతగా, వారు ఒకరినొకరు చూసుకోవడాన్ని చూడలేదు.

సెలీన్ సియామా ఫ్రెంచి చిత్రం 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్' (2019)లో, బొమ్మకు కూర్చున్న యువతి, చిత్రకారిణి తనను చూస్తున్నంతసేపూ తానూ ఆమెను చూస్తూనే ఉన్నానని తెలియజేస్తుంది. నా దృష్టిలో కెమిస్ట్రీ అంటే అదే. చూడబడే మనిషికి కూడా చూపు ఉండడం.

విజయనగరానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన 1892లో ఇక్కడే జరిగింది. వేశ్య అనగానే ప్రేక్షకుడి మనసులో సిద్ధంగా ఉండే బొమ్మకు గురజాడ వివేకాన్నీ, హాస్యాన్నీ, సొంత మాటనూ ఇచ్చాడు. 1909 నాటి రెండవ కూర్పులో మధురవాణి మరింత ఎదిగింది. మూస మనిషిగా మారడానికి ఆయనకే అంత కాలం పట్టింది కనుక, మన దర్శకులకూ కొంత గడువు ఇద్దాం.

ఇద్దరు స్త్రీలు మామూలుగా కూర్చుని, ఒకరి మాట ఒకరు వింటూ, చివరి దాకా నిజమైన మనుషులుగానే మిగిలే తెలుగు చిత్రం మీ దృష్టికి వస్తే చెప్పండి. నా స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్ళి చూస్తాను. ఈసారి నవ్వను.