వేక్ ఐలాండ్: ఎయిర్‌ఫీల్డ్ మీదకి ఎగబడకండి

'బ్యాటిల్‌ఫీల్డ్ 1942' వచ్చింది 2002లో. ఆ గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, అందులోని వేక్ ఐలాండ్ మ్యాప్ మాత్రం పాతబడలేదు. డైస్ కంపెనీ ఇదే దీవిని తర్వాతి గేముల్లోనూ మళ్లీ మళ్లీ కట్టింది. 'బ్యాటిల్‌ఫీల్డ్ 5'లో కూడా ఉంది.

జపాన్ వైపు ఆడితే మొదట్లో మీ చేతిలో ఒక్క జెండా ఉండదు. వెనక మీ ఓడలు, ఎదురుగా గుర్రపు లాడం ఆకారంలో దీవి. అదంతా అమెరికన్లదే. మీరు చచ్చి మళ్లీ పుట్టిన ప్రతిసారీ టీమ్ టికెట్ ఒకటి పోతుంది. అంటే త్వరగా ఒక్క జెండా అయినా పట్టకపోతే ఆట అయిపోయినట్టే.

కానీ జరిగేదేంటి? సగం మంది ఓడ డెక్ మీద విమానం కోసం నిలబడి ఉంటారు, సంక్రాంతికి ఊరెళ్లే బస్సు కోసం చూస్తున్నట్టు. మిగతా సగం ఎయిర్‌ఫీల్డ్ మీదకి ఎగబడతారు. అక్కడ రెండు వైపుల నుంచీ వాయింపు తప్పదు.

దీవి సన్నటి పట్టీ అని మర్చిపోకండి. లాడం కొసన ఉన్న జెండా పట్టుకుంటే శత్రువు నేల మీద ఒక్క వైపు నుంచే రావాలి. విమానం దొరికినవాళ్లు డాగ్‌ఫైట్ సరదా కాస్త పక్కనపెట్టి, ఆ కొస మీద పారాచూట్‌తో దూకేయండి. విమానం పోతే పోయింది, మళ్లీ వస్తుంది. మీరు అక్కడ నిలబడితే టీమంతా నేల మీదే స్పాన్ అవుతుంది, బోటు ప్రయాణం తప్పుతుంది. ఎయిర్‌ఫీల్డ్ సంగతి తర్వాత.

అమెరికా వైపున్నవాళ్లకి పాఠం అసలు యుద్ధంలోనే ఉంది. 1941 డిసెంబర్ 11న జపాన్ ఓడలు బాగా దగ్గరకొచ్చేదాకా తీరంలోని ఫిరంగులు నోరు విప్పలేదు. ఆ రోజు ఫిరంగులూ నాలుగు వైల్డ్‌క్యాట్ విమానాలూ కలిసి రెండు డిస్ట్రాయర్లని ముంచాయి, దండయాత్ర వెనక్కి తిరిగింది. మన గేమర్లేమో దూరాన చుక్క కనిపిస్తే చాలు, పేల్చి తామెక్కడున్నారో చెప్పేస్తారు!

జపాన్ డిసెంబర్ 23న చీకట్లో మళ్లీ వచ్చి దీవిని తీసుకుంది.

గేమ్‌లో కనిపించనివాళ్లు ఇంకొందరున్నారు. అప్పుడు దీవి మీద సైనికుల కంటే కట్టడం పనికొచ్చిన సివిల్ కూలీలే ఎక్కువ, వెయ్యి మందికి పైనే. వాళ్లలో చాలామంది సైనికులతో కలిసి ఫిరంగులు మోశారు. పని చేయించుకోడానికి అక్కడే ఉంచిన 98 మందిని 1943 అక్టోబర్‌లో జపాన్ సైన్యం చంపేసింది. ఒక రాయి మీద ఆ అంకె చెక్కి ఉంది, ఇప్పటికీ.

ఆన్‌లైన్ సర్వర్లు దొరక్కపోతే బాట్లతో ఆడి చూడండి. కొస జెండా ఎత్తు వాటి మీదా పనిచేస్తుంది.

వచ్చే వారం ఐవో జిమా.