పార్కింగ్ పైసలు: ఇయ్యాల్నా, అడగాల్నా?

పోయిన నెల పింఛన్ కాగితాల సంగతి రాసిన. అది చదివి అశోక్ చౌక్ దిక్కు నుంచి ముగ్గురు తమ్ముళ్లు వచ్చి కలిసిన్రు. వాళ్లకు పింఛన్‌తో పని లేదు, ఇంకా రెక్కలాడే వయసు. "కాకా, బండి పెట్టిన చోటల్లా పది, ఇరవై గుంజుతున్నరు. ఇయ్యనంటే మీదికి వస్తరు. ఇది ఇయ్యాల్నా, వద్దా? ఈసారి అది రాయి" అన్నరు.

గిర్ణీల కాలంల ఈ పంచాయితీ లేకుండె. భోంగా కూస్తే నడుచుకుంట పోయేటోళ్లం, ఉన్నోడు సైకిల్ మీద పోయేటోడు. ఇప్పుడు సాంచాల మీద పనిచేసే పిల్లగాని ఇంటి ముందట సుత కిస్తుల బండి ఉన్నది. దాని మీదనే పనికి పోవాలె, పిల్లలను బడికి దించాలె, తువ్వాళ్ల గఠ్ఠా వేసుకొని బజారుకు పోవాలె. రోజుకు ఒక్కచోట పది రూపాయలే అనుకుందాం. నెలకు 26 పని దినాలకు 260 రూపాయలు, ఏడాదికి 3,120. "పది రూపాయలకు ఏం లొల్లి" అనేటోళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలె. మూడు వేలంటే మన ఇండ్లల్ల పిల్లల పుస్తకాలు, బట్టలు.

అయితే బండి పెట్టినందుకు తీసుకునే పైసలన్నీ అన్యాయం పైసలు కావు. సంక్రాంతికి సిద్ధేశ్వర్ గడ్డా యాత్ర వస్తది. ఆ రోజుల్ల ఖాళీ జాగ ఉన్నాయన తాడు కట్టి, సున్నంతో గీతలు గీసి, బండ్లు పెట్టించుకుంటడు. జాగ ఆయనది. రేటు ముందే చెప్తడు. నచ్చితే పెడ్తం, లేకుంటే ముందుకు పోతం. ఇంట్లున్న ముసలాయన రాత్రి దాంక కుర్చీ వేసుకొని బండ్లకు కావలి ఉంటడు. అక్కడ పది రూపాయలకు కొట్లాడితే తప్పు మనదే. ఆయన చేసింది సుత కష్టమే కదా.

మాల్, పెద్ద సినిమా హాలు, పెద్ద దవాఖాన సంగతి వేరు. అటువంటి బిల్డింగ్ కట్టాలంటే నక్షా పాస్ కావాలె. నక్షాల ఇన్ని కార్లకు, ఇన్ని మోటార్ సైకిళ్లకు జాగ అని చూపించాలె. మన మహారాష్ట్రల 2020 డిసెంబర్ నుంచి ముంబైని వదిలి దాదాపు రాష్ట్రమంతటికి ఒకే బిల్డింగ్ నియమావళి వచ్చింది. దాంట్ల సుత పార్కింగ్ జాగ వదలాల్సిందే అని ఉన్నది. అంటే ఆ జాగ మన మీద దయతో ఇచ్చింది కాదు. అది చూపించినందుకే వాళ్లకు అంత పెద్ద బిల్డింగ్ కట్టే పర్మిషన్ వచ్చింది. పర్మిషన్ తీసుకునేటప్పుడు "ఇది వచ్చిపోయేటోళ్ల బండ్లకు" అని రాసిచ్చి, కట్టినంక "దీనికి కిరాయి కట్టు" అంటే ఎట్ల?

ఈ మాట నేనొక్కణ్ణే అంటలేను. 2019 జులైల గుజరాత్ హైకోర్టు ఇదే అన్నది. రూల్ ప్రకారం పార్కింగ్ జాగ ఇయ్యాల్సిన మాల్, దానికి పైసలు వసూల్ చేయొద్దని తీర్పు ఇచ్చింది.

మనోళ్లకు ఎక్కువ పనికివచ్చేది తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన జీవో 63. 2018 మార్చి 20 నాడు వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమల్ల పెట్టిన్రు. మాల్స్, మల్టీప్లెక్సులు, షాపింగ్ కాంప్లెక్సులకు అది వర్తిస్తది. మొదటి అరగంట ఎవ్వరికీ పార్కింగ్ పైసలు లేవు. అరగంట నుంచి గంట దాంక అయితే, అక్కడ ఏదన్న కొన్నట్టు బిల్లు చూపిస్తే లేవు. గంట దాటితే, పార్కింగ్ రేటు కన్న ఎక్కువ బిల్లో, సినిమా టికెటో చూపిస్తే లేవు. పైసలు తీసుకున్నా, తీసుకోకున్నా చీటీ మీద ముద్ర వేయాలె, తీసుకుంటే కట్టినట్టు, లేకుంటే మాఫీ అయినట్టు. నాకు ఈ ముద్ర సంగతే అన్నిటికన్న నచ్చింది. ముద్ర పడితే లెక్క పుడ్తది. లెక్క పుడితే మధ్యల మింగుడు కష్టమైతది. 2021ల ఒకే తెర ఉన్న పాత టాకీసులకు పైసలు తీసుకొమ్మని వేరే జీవో ఇచ్చిన్రు. కాబట్టి పాత టాకీసు ముందట జీవో 63 పట్టుకొని నిలబడి లాభం లేదు.

పెండ్లి బట్టలకని, చుట్టాల ఇండ్లకని మనం హైదరాబాద్ పోతనే ఉంటం. బిల్లు పారేయొద్దు, జేబుల పెట్టుకోవాలె. గేటు కాడ బిల్లు చూపించి ముద్ర వేయమనాలె. కానీ తిరిగి వచ్చేటప్పుడు జహీరాబాద్ దాటి కర్ణాటకల అడుగుపెట్టినంక ఆ జీవో చెల్లది. సోలాపూర్‌ల దాన్ని చూపిస్తే ఎవరైనా నవ్వుతరు.

మరి ఇక్కడ ఏం చేయాలె? నేను పాత గిర్ణీ సంగతే ఒకటి చెప్తా.

సాంచా ఖాతాల పనిచేసిన పెద్దమనుషులకు జుర్మానా అంటే ఏందో తెలుసు. ఆలస్యంగ వచ్చినవని, మాట వినలేదని పగార్ల కోసేటోళ్లు. కానీ అప్పటి చట్టం, 1936ల వచ్చిన పగార్ చెల్లింపు చట్టం, మాలకును ఇష్టమొచ్చినట్టు కొయ్యనియ్యకపోతుండె. ఏ తప్పుకు జుర్మానా ఉంటదో ముందే సర్కారు మంజూరుతో బోర్డు మీద పెట్టాలె. పనోడు చెప్పుకునేది వినాలె. ఒక్క పగార్ల మూడు శాతం కన్న ఎక్కువ కొయ్యొద్దు. రిజిస్టర్ల రాయాలె. అన్ని చోట్ల సరిగ్గ నడిచిందని నేను అనను. కానీ బోర్డు ఏది, రిజిస్టర్ ఏది అని అడిగే యూనియన్ మనిషి ఉన్న ఖాతాల జుర్మానాలు తగ్గినయి. ఇది మా తరపోళ్లంత చూసిందే.

పార్కింగ్ గేటు కాడ సుత అడిగేది అదే. బోర్డు ఏది? రేటు, గంటలు, ఠేకేదారు పేరు, ఎవరు మంజూరు చేసిన్రు అన్నది బోర్డు మీద ఉండాలె. పావతి ఏది? దాని మీద బండి నంబర్, తారీఖు, టైము, తీసుకున్న పైసలు ఉండాలె. ఉత్త రంగు కాగితం ముక్క చేతుల పెడ్తే అది పావతి కాదు. పైసలు ఎవరికి ముట్టినయో దాంతో తెలవదు.

మా లైన్‌ల ఒక పిల్లగాడు ఉన్నడు. తల్లికి మూత్రపిండాలు పనిచేస్తలేవు, వారానికి మూడు సార్లు డయాలిసిస్. తీసుకపోయేది ఒక ప్రైవేట్ దవాఖానకు. పేరు రాయను. పోయిన ప్రతిసారి గేటు కాడ 20 రూపాయలు. వారానికి 60, నెలకు 240 దాంక. ఒకనాడు తల్లికి కండ్లు తిరిగినయి, ఆమెను ఎత్తుకొని ఉరికిండు, ఆ గడబిడల చీటీ ఎక్కడనో పడిపోయింది. సాయంత్రం బయటకు వస్తుంటే "చీటీ పోయింది కదా, 200 కట్టు, లేకుంటే బండి వదల" అన్నరు. తల్లి బయట మెట్ల మీద కూసున్నది. ఆ టైముల ఎవడు కొట్లాడుతడు? 200 కట్టిండు.

కానీ తెలివిగల పిల్లగాడు. కట్టేటప్పుడే "చీటీ పోయినందుకు 200 తీసుకున్నం" అని రాయించుకున్నడు. గేటు, చుట్టుపక్కల గోడలు ఫోన్‌ల ఫొటో తీసిండు. ఎక్కడా 200 అని బోర్డు లేదు. తెల్లారి మరాఠీల ఒక అర్జీ రాసి దవాఖాన మేనేజర్‌కు ఇచ్చిండు, నకలు మహానగరపాలికలకు ఇచ్చి ముద్ర వేయించుకున్నడు. అర్జీల తిట్లు లేవు, బతిమాలుడు లేదు. బండి కాగితాలు, గుర్తింపు కార్డు చూపించినంక సుత 200 ఎందుకు తీసుకున్నరు, ఏ బోర్డు ప్రకారం తీసుకున్నరు, రోజూ వచ్చే రోగుల బండ్లకు కిరాయి తీసుకొమ్మని ఎవరు మంజూరు ఇచ్చిన్రు. అంతే. ఇరవై రోజులకు పిలిచిన్రు. 200 వాపస్ ఇయ్యలేదు. కానీ డయాలిసిస్‌కు వచ్చేటోళ్లకు ఒక కార్డు చేసిన్రు, అది చూపిస్తే పార్కింగ్ పైసలు లేవు. మిగిలిన రోగులు ఇప్పటికీ 20 కడుతనే ఉన్నరు. వాళ్ల తరపున ఇంకా ఎవరూ అడగలేదు.

చీటీ పోతే బండి గుంజుకునే హక్కు గేటు మీద ఉన్నోనికి లేదు. బండి మనదే అని చూపించడానికి ఆర్‌సీ ఉన్నది, అది ఎప్పుడు ఫోన్‌లనో, జేబులనో ఉండాలె.

ఇంకో సంగతి. చీటీ వెనుక చిన్న అక్షరాలతో "బండికి మాలకే జవాబుదారు" అని ఉంటది. పైసలు వాళ్లకు, జవాబుదారీ మనకు! దొంగ ఎత్తుకపోతే చీటీ తిప్పి చూపిస్తరు. ఢిల్లీల 1998ల ఒకాయన తాజ్ మహల్ హోటల్‌కు కారుల పోయిండు. తాళంచెవి హోటల్ మనిషికి ఇచ్చి లోపటికి పోయిండు. వచ్చేసరికి కారు లేదు, ఎవరో తోలుకపోయిన్రు. చీటీ మీద ఓనర్ జవాబుదారు అని ఉన్నదని హోటలోళ్లు వాదించిన్రు. కేసు సుప్రీంకోర్టు దాంక పోయింది. 2019 నవంబర్ 14 నాడు కోర్టు హోటల్‌దే జవాబుదారీ అన్నది. బండి తమ చేతులకు తీసుకున్నంక, తమ తప్పుతో అది పోతే, చీటీ మీది అక్షరాల చాటుకు దాగనియ్యం అని దాని సారాంశం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలనే ఉన్నది ఈ మాట. ఒకరి వస్తువు కాపాడతనని తీసుకున్నోడు, బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎట్ల చూసుకుంటడో అట్ల చూసుకోవాలె.

అయితే ఆ కేసుల తాళంచెవి ఇచ్చిండు. మనం మోటార్ సైకిల్‌కు తాళం వేసి చెవి మన జేబులనే పెట్టుకుంటం. అటువంటప్పుడు, మేము జాగ మాత్రమే ఇచ్చినం, బండిని కాయలేదు అని వాళ్లు వాదిస్తరు. అందుకే పావతి ముఖ్యం. గేటు, చీటీ, కావలి మనిషి, పోయేటప్పుడు చీటీ చూసి వదులుడు, ఇవన్నీ ఉంటే బండిని వాళ్లే చూసుకున్నరని చెప్పుకోవచ్చు. పావతి లేకుంటే బండి అక్కడ పెట్టినవనే రుజువే లేదు. కిస్తులు తీరని బండి పోతే పోలీసు ఠాణాకు, బీమాకు తిరగాలె, కిస్తు మాత్రం ఆగది. పది రూపాయలు మిగిలించుకోవాలని "చీటీ వద్దు, ఐదు తీసుకో" అనేటోళ్లు మన లైన్లల్లనే ఉన్నరు. వాళ్లకు చెప్తున్న, అది బేరం కాదు.

గేటు కాడ నిలబడ్డ పిల్లగాని మీద మాత్రం చెయ్యి ఎత్తొద్దు, తల్లిని, చెల్లెను తిట్టొద్దు. వాడు రోజు కూలీకి ఎండల నిలబడ్డోడు. వాని తల్లి విడి ఘర్కుల్‌ల బీడీలు చుట్టేటామె కావచ్చు, మన చుట్టమే కావచ్చు. చీటీలు లెక్క తప్పితే ఠేకేదారు వాని కూలీల కోస్తడు. మన అడుగుడు ఠేకేదారును, జాగ మాలకును. అందుకే నేను చెప్పేది, గేటు కాడ లొల్లి పెట్టుకోకుండ కట్టి పావతి తీసుకొమ్మని. పావతి ఇయ్యనంటే మాత్రం కట్టొద్దు, బండి తీసుకొని వేరే చోట పెట్టుకోవాలె.

తర్వాత పని కాగితం మీద. మహానగరపాలిక జాగల వసూలైతే, ఠేకా ఎవరిది, ఎన్ని రోజులది, రేటు ఎంత అని మాహితీ హక్కు కింద అడగవచ్చు. అర్జీకి పది రూపాయలు, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. ఠేకా గడువు అయిపోయినంక సుత వసూలు నడుస్తుందా అన్నది దాంతోనే బయటపడ్తది. మాల్, దవాఖాన అయితే ముందుగాల మేనేజర్‌కు రాతతో అర్జీ, తర్వాత 1915 నంబర్‌కు ఫోన్, అది గ్రాహకుల హెల్ప్‌లైన్. అక్కడ తీరకుంటే జిల్లా గ్రాహక కమిషన్. 2019 చట్టం ప్రకారం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే కేసుకు ఫీజు లేదు, వకీలు లేకుండ మనమే మాట్లాడుకోవచ్చు. రెండేండ్ల లోపల వెయ్యాలె. పది రూపాయల కోసం ఒక్కడు తిరిగితే పనిదినాలు పోతయి, అది నిజమే. ఒకే గేటు కాడ కట్టిన పదిమంది పావతులు కలిపి ఒక్క అర్జీ వేస్తే, ఒక్కరు తిరిగితే చాలు.

మార్కెట్‌ల, మాల్‌ల పనిచేసే మన ఆడపిల్లలు రోజూ గిరాకీలోల్ల రేటే కడుతున్నరని ఒక అక్క చెప్పింది. వాళ్ల పావతులు నాకు ముందు కావాలె. నెల రోజులవి దాచిపెట్టి, ఆదివారం పొద్దుగాల పది గంటల లోపల మా ఇంటికి తీసుకరండి. నాకు మరాఠీ రాత అంతంతే, మా మనవరాలు మంచిగ రాస్తది. బోర్డు ఫొటో, ఆర్‌సీ నకలు సుత తెండి. బోర్డే లేకుంటే, లేని గోడ ఫొటో తెండి.